బడి గేటు దగ్గర తుపాకీ ఎవరిని కాపాడుతుంది?

అమెరికాలో ఏదో ఒక బడిలో కాల్పులు జరిగిన ప్రతిసారీ రెండు వాదనలు బయలుదేరుతాయి. తుపాకుల అమ్మకాలను అదుపు చేయాలన్నది ఒకటి. బడిలోనే తుపాకులు పెంచాలన్నది రెండవది. గేటు దగ్గర సాయుధ గార్డును నిలబెట్టాలని, టీచర్లకు పిస్టళ్ళు ఇవ్వాలని ఈ రెండవ వాదన వారు అంటారు. సముద్రాలు దాటి ఆ వాదన ఇప్పుడు మన వాకిట్లోకీ వచ్చింది. టీవీ చర్చల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ, డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చిన బంధువుల మాటల్లోనూ అది వినబడుతున్నది. తెలుగు రాష్ట్రాలలో ఏ ప్రభుత్వమూ టీచర్లకు తుపాకులిచ్చే చట్టం తేలేదు. కాని చట్టం కంటే ముందు ఆలోచన వస్తుంది. భద్రత అనేది ఫీజు కట్టగలిగినవారు కొనుక్కునే సరుకుగా మారిన చోట, ఆ సరుకుకు తుపాకీ తోడు కావడానికి ఎంతోకాలం పట్టదు.

ఈ విషయం మీద తరగతిలో చర్చ పెట్టినప్పుడు నా విద్యార్థులలో చాలామంది సాయుధ గార్డులు ఉంటే మంచిదేనన్నారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవారు. ప్రహరీ లేని ప్రభుత్వ హాస్టళ్ళలో, రాత్రి చీకటి పడితే బయటికి వెళ్ళడానికి భయపడుతూ చదువుకున్నవారు. వారి భయం నిజమైనది. దానికి దొరికిన పరిష్కారమే తప్పు. తుపాకీ విషయంలో మనం మొదట అడగవలసిన ప్రశ్నలు మూడు. దాన్ని ఎవరు పట్టుకుంటారు? ఎవరి కోసం పట్టుకుంటారు? ఎవరి మీదికి గురిపెడతారు? కులసమాజంలో ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది.

ముందు అమెరికా అనుభవాన్నే చూద్దాం. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ హైస్కూల్ మీద దాడి జరిగిన రోజు ఆ బడిలో సాయుధ పోలీసు అధికారి ఉన్నాడు. దాడి చేసినవారి మీద ఆయన కాల్పులు కూడా జరిపాడు. హత్యాకాండ ఆగలేదు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో 17 మంది చనిపోతున్నప్పుడు అక్కడి సాయుధ అధికారి భవనం బయటే నిలబడిపోయాడు. 2022 మే 24న టెక్సాస్‌లోని ఉవాల్డేలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతులయ్యారు. ఆ రోజు అక్కడికి 376 మంది పోలీసులు చేరుకున్నారు. హంతకుడున్న తరగతి గదిలోకి వారు అడుగుపెట్టడానికి 77 నిమిషాలు పట్టింది. ఇంత జరిగాక టెక్సాస్ చేసిందేమిటంటే, ప్రతి బడిలోనూ సాయుధ రక్షకుడు ఉండాలని 2023లో చట్టం చేసింది. టెనెసీ రాష్ట్రం 2024లో టీచర్లు తుపాకీ దాచుకుని తరగతికి రావచ్చునన్నది. ఒక మందు పనిచేయలేదని తేలిన తర్వాత అదే మందు మోతాదు పెంచడం లాంటిది ఇది.

ఆ రాష్ట్రాలలో మన తెలుగువారు లక్షల్లో ఉన్నారు. వారి పిల్లలు బడిలో అక్షరాలతోపాటు, కాల్పులు జరిగితే బల్ల కింద ఎలా దాక్కోవాలో కూడా నేర్చుకుంటున్నారు. 2023 మేలో డల్లాస్ సమీపంలోని అలెన్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఒక తెలుగు యువతి ప్రాణాలు కోల్పోయింది. కాబట్టి ఆ తల్లిదండ్రుల భయాన్ని తక్కువ చేసి చూడలేం. కాని వారు మనకు చెప్పని విషయం ఒకటున్నది. బడిలోకి పోలీసు వచ్చిన తర్వాత, చిన్న తగాదాకు కూడా పోలీసు కేసుల పాలైన విద్యార్థుల్లో నల్లజాతి పిల్లల నిష్పత్తి వారి జనాభా వాటా కంటే ఎక్కువగా ఉంటున్నదని అక్కడి విద్యాశాఖ లెక్కలే పదే పదే చూపాయి. హంతకుడిని ఆపడానికి వచ్చిన తుపాకీ, ఏళ్ళ తరబడి హంతకుడు రాకపోతే, కళ్ళ ముందున్న నల్లపిల్లవాడిని చూస్తూ కూర్చుంటుంది. అక్కడ వర్ణం చేసే పని ఇక్కడ కులం చేస్తుంది.

పొరుగు దేశంలోనూ ఇదే ప్రయత్నం జరిగింది. 2014 డిసెంబరు 16న పెషావర్ సైనిక పాఠశాలపై ఉగ్రవాదుల దాడిలో 140 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు పిల్లలు. వెనువెంటనే ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా ప్రభుత్వం టీచర్లు బడికి తుపాకీ తెచ్చుకోవడానికి అనుమతించింది. దానికి అక్కడి ఉపాధ్యాయ సంఘాల నుంచే అభ్యంతరం వచ్చింది. రక్షణ రాజ్యం బాధ్యత. ఆ బాధ్యతను టీచరు భుజాన వేయడమంటే రాజ్యం తన పని నుంచి తప్పుకోవడమే.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదు. అమెరికాలో బడిపిల్లవాడి ఇంట్లోనే తుపాకీ దొరుకుతుంది గనుక, అది బడికి వస్తుంది. మన పిల్లల ఇళ్ళలో ఆ పరిస్థితి లేదు. మన బడిలోకి ఇప్పుడు తుపాకీ రావాలంటే గార్డు చేతిలోనో, టీచరు సంచిలోనో మాత్రమే రావాలి. లేని రోగానికి మందు తెచ్చి, ఆ మందుతో కొత్త రోగం తెచ్చుకోవడమే అవుతుంది.

అయితే మన బడుల్లో పిల్లలకు ప్రమాదమే లేదా? ఉన్నది. దాని స్వరూపం వేరు. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలోని గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించాయి. వందమందికి పైగా బాలికలు ఆస్పత్రుల పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. ఆ పిల్లలకు కావలసింది శుభ్రమైన తాగునీరు, జ్వరం వచ్చిన మొదటి రోజే గుర్తుపట్టే నర్సు. ఎంతమంది సాయుధ గార్డులను గేటు దగ్గర నిలబెట్టినా కలుషిత నీరు ఆగదు. మన్యం ఆశ్రమ పాఠశాలల్లో జ్వరాలు, పాముకాట్లు, రక్తహీనత ఏళ్ళ తరబడి పిల్లల ప్రాణాలు తీస్తున్నాయి. అవి పత్రికల జిల్లా పేజీలు దాటవు. సవర, జాతాపు పిల్లల మరణం భద్రతాలోపం కింద లెక్కకు రాదు. అది పరిపాలన లోపం కిందికి పోతుంది. ఎవరి మరణం భద్రత సమస్య, ఎవరి మరణం పారిశుధ్య సమస్య అనే విభజనలోనే కులం ఉన్నది.

పట్టణాలలోని ఖరీదైన బడులకు వద్దాం. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్ళ పాప మీద లైంగిక అత్యాచారం చేసినవాడు బయటినుంచి గోడ దూకి రాలేదు. ప్రిన్సిపాల్ కారు డ్రైవరుగా రోజూ గేటు గుండా లోపలికి వచ్చినవాడే. ఏ గార్డు అయినా అతనికి సలాం కొట్టి గేటు తీసేవాడే. బడిలో పిల్లల మీద జరిగే లైంగిక హింసలో తెలిసినవారి పాత్ర ఎక్కువ గనుకనే 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని అమలు చేయడానికి కావలసినది పిల్లల మాట నమ్మే పెద్దలు, ఫిర్యాదును తొక్కిపెట్టని యాజమాన్యం.

2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లోని పేరుమోసిన పాఠశాలలో ఏడేళ్ళ బాలుడి హత్య దేశాన్ని కుదిపేసింది. మరునాటికల్లా పోలీసులు నేరస్థుడిని పట్టుకున్నామన్నారు. పట్టుబడినవాడు బడి బస్సు కండక్టరు. అతను నేరం ఒప్పుకున్నాడని కూడా ప్రకటించారు. తర్వాత దర్యాప్తు చేపట్టిన సీబీఐ, అదే బడిలో పై తరగతి చదువుతున్న విద్యార్థిని అదుపులోకి తీసుకున్నది. 2018లో కండక్టరు నిర్దోషిగా బయటపడ్డాడు. బడి భద్రత గురించి మాట్లాడేవారు ఈ ఉదంతాన్ని మరచిపోకూడదు. లోపల ప్రమాదం జరగ్గానే రాజ్యం చూపు మొదట ఎవరి మీద పడింది? ఫీజు కట్టే కుటుంబం మీద పడలేదు. జీతం తీసుకునే పేదవాడి మీద పడింది. ఆ సమయంలో గేటు దగ్గర తుపాకీ ఉండి ఉంటే అది ఎవరి మీదికి తిరిగేదో ఊహించడం కష్టం కాదు.

సాయుధ గార్డు పని క్షణాల్లో నిర్ణయం తీసుకోవడం. ఎదుటివాడు ప్రమాదమా కాదా అన్నది అతడు రూపురేఖలను బట్టి, బట్టలను బట్టి, మాట యాసను బట్టి తేల్చుకోవాలి. ఆ గుర్తులన్నీ మన సమాజంలో కులం నేర్పిన గుర్తులే. ఎరుకల, యానాది వంటి తెగలను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది గాని, ఆ చూపు రద్దు కాలేదు. ఊళ్ళో దొంగతనం జరిగితే ఇప్పటికీ మొదట ఏ పేట తలుపులు తడతారో అందరికీ తెలుసు. కార్పొరేట్ బడి గేటు దగ్గర పిల్లవాడిని తీసుకువెళ్ళడానికి వచ్చిన లుంగీ కట్టిన తండ్రినీ, కారు దిగిన తండ్రినీ గార్డు ఒకే తీరుగా చూడడు. తుపాకీ లేనప్పుడు ఆ తేడా వల్ల కలిగేది అవమానం. తుపాకీ ఉంటే ప్రాణానికే ముప్పు.

ఇక ఆ గార్డు ఎవరు? 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాలలకు రాత్రి కాపలాదారులను నియమించాలని నిర్ణయించింది. నెలకు గౌరవ వేతనం రూ.6,000. నియామకంలో తొలి ప్రాధాన్యం ఆ బడిలో మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయా భర్తకు. ఆ డబ్బు కూడా మరుగుదొడ్ల నిర్వహణ నిధి నుంచే. పేద కుటుంబానికి రెండు ఆదాయాలు వస్తాయన్న సదుద్దేశం ఇందులో ఉండవచ్చు. కాని దీని సామాజిక అర్థాన్ని కూడా చదవాలి. పగలు భార్య మరుగుదొడ్డి కడుగుతుంది, రాత్రి భర్త గేటు కాస్తాడు. ఒక కుటుంబం మొత్తానికి పాకీపనీ, కావలిపనీ కలిపి అప్పగించడం మన గ్రామవ్యవస్థకు కొత్త కాదు. వెట్టి, తలారి, నీరటి పేర్లతో ఊరి ఆస్తిని కాసే పనిని ఆస్తి లేని కులాలకు అప్పగించిన వ్యవస్థే అది. కాసినవాడికి ధాన్యంలో కాసింత వాటా, కాసిన ధాన్యం మాత్రం మరొకరిది. ఇప్పుడు గౌరవ వేతనం అన్న పేరు వచ్చింది. కనీస వేతనం, సెలవు, పింఛను అడిగే హక్కు లేకుండా చేసే జీతానికి గౌరవం అని పేరు పెట్టడం మన ప్రభుత్వాలకు అలవాటు.

ఆ మనిషి చేతికి తుపాకీ ఇస్తే అతని స్థానం మారుతుందా? ఈ ప్రశ్నకు పదిహేనేళ్ళ కిందటే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులను ఎదుర్కోవడానికి ప్రభుత్వం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించింది. అర్హత ఐదవ తరగతి. నెలకు గౌరవ వేతనం రూ.3,000. నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఆ నియామకాలను రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. చదువు చెప్పవలసిన వయసులో చదువు చెప్పకుండా, ఆ తక్కువ చదువునే అర్హతగా చూపి, తక్కువ జీతానికి తుపాకీ ఇచ్చి ముందువరుసలో నిలబెట్టడం సమానత్వ హక్కునూ, జీవించే హక్కునూ ఉల్లంఘించడమేనన్నది ఆ తీర్పు సారాంశం. ఆ కేసులోనే బడుల నుంచి సాయుధ బలగాలను ఖాళీ చేయించే విషయమూ వచ్చింది. బస్తర్ బడుల్లో బలగాలు మకాం వేశాయి. బలగాలు ఉంటాయంటూ మావోయిస్టులు బడి భవనాలను పేల్చారు. రెండు తుపాకుల మధ్య పోయింది ఆదివాసీ పిల్లల చదువు. ఇంద్రావతి, శబరి దాటి తెలుగు నేల మీదికి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలే దానికి సాక్ష్యం.

ఇక్కడ బహుజన విద్యార్థి నుంచి ఒక బలమైన ప్రశ్న వస్తుంది. అణగారిన కులాలకు ఆయుధం ఎందుకు వద్దంటున్నారు? శతాబ్దాల తరబడి వద్దన్నది ఆధిపత్య కులాలే కదా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. శూద్రులూ అస్పృశ్యులూ తిరుగుబాటు చేయలేకపోవడానికి కారణం వెతుకుతూ అంబేద్కర్ ‘కులనిర్మూలన’లో చెప్పిందదే. సైనికసేవ, ఓటు, చదువు అనే మూడు ఆయుధాలనూ చాతుర్వర్ణ్యం వారికి దూరం చేసిందన్నారాయన. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. సైన్యం తెరిచిన తలుపు గుండానే ఆ ఇంట్లోకి చదువు వచ్చింది. మహర్లను సైన్యంలో చేర్చుకోవడం 1890ల్లో నిలిపివేసినప్పుడు ఆ తలుపు మూసుకుపోయింది. అందుకే ఆయుధానికి దూరం చేయడాన్ని అణచివేతగా గుర్తించడం సరైనదే.

ఈ దేశపు చట్టం కూడా దాన్ని కొంతవరకు గుర్తించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు 1995లో వచ్చాయి. వాటిలోని మూడవ నిబంధన మన విద్యార్థులు తప్పక చదవాలి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలలో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులను సమీక్షించి రద్దుచేయాలని, ఆ ఆయుధాలను ప్రభుత్వం దగ్గర జమ చేయించాలని, అక్రమ ఆయుధాలను స్వాధీనం చేసుకోవాలని అది చెబుతుంది. ఆ తర్వాత, అవసరమని భావిస్తే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వవచ్చునంటుంది. ఈ వరుసక్రమాన్ని గమనించండి. మొదటి పని పీడకుడి చేతిలోని ఆయుధాన్ని తీసివేయడం. పీడితుడి చేతికి ఇవ్వడం ఆ తర్వాతి మాట, అది కూడా అతని సొంత రక్షణ కోసం. ఇతరుల ఆస్తినీ, ఇతరుల పిల్లలనూ రూ.6,000కు కాయడానికి ఇచ్చే తుపాకీ ఈ రెండింటిలో దేని కిందికీ రాదు. అది అంబేద్కర్ అడిగిన ఆయుధం కాదు. వెట్టివాడి చేతికర్రకు వచ్చిన కొత్త రూపం.

తుపాకీకీ బడికీ ఉన్న సంబంధం గురించి శ్రీకాకుళానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల వర్గం తుపాకీ పేల్చింది. కోరన్న, మంగన్న నేలకొరిగారు. ఆ రోజు కొండల్లో తుపాకీ ఎవరి దగ్గర ఉందో, ఎవరి దగ్గర లేదో అక్కడే తెలుస్తుంది. ఆ గిరిజనులను కూడగట్టిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. వారిని సవర గూడేలు మాస్టారు అని పిలిచింది అక్షరాలు నేర్పినందుకూ, పాలికాపుల కూలీ గురించి, గుంజుకున్న భూమి గురించి, షావుకారు తప్పుడు లెక్కల గురించి వివరించి చెప్పినందుకూ. న్యాయం దొరకదన్న నిర్ధారణకు వచ్చాక వారు ఆయుధం పట్టారు. 1970 జులైలో పోలీసు తూటాలకు ఇద్దరూ బలయ్యారు. అదే ఏడాది గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1/70 చట్టం వచ్చింది. ఆ పోరాటంలోని న్యాయాన్ని నేను ప్రశ్నించడం లేదు. దాని నుంచి బడికి సంబంధించిన పాఠం మాత్రం తీసుకుంటున్నాను. మాస్టారి మాటను గూడెం విన్నది ఆయన చేతిలో ఏ ఆయుధమూ లేని రోజుల్లోనే. తుపాకీ వచ్చిన తర్వాత, అది ఎంత న్యాయమైన కారణంతో వచ్చినా, గూడెం బడికి మాస్టారు మిగలలేదు.

సాయుధ పోలీసు దగ్గర ఉండడమే భద్రత అనుకునేవారికి చుండూరు గుర్తుచేయాలి. 1991లో సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు తగిలిందన్న చిన్న విషయం నుంచి మొదలైన వైరం ఆగస్టు 6న 8 మంది దళితుల హత్యకు దారితీసింది. అది పోలీసులు ఊళ్ళో ఉండగానే జరిగింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. మన జిల్లాల్లో, అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న మద్దువలస రిజర్వాయర్ మిగులు భూమి సాగు చేసుకుంటున్న 5 గురు మాలలను హతమార్చారు. దాడి చేసినవారు ఈ ప్రాంతంలో వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్న తూర్పు కాపులు. వెనుకబడిన కులమే దళితుడి మీద ఆధిపత్య కులమై నిలబడిన ఉత్తరాంధ్ర వాస్తవం ఇది. ఇలాంటి ఊళ్ళో ఒకే బడికి రెండు వైపుల పిల్లలూ వస్తారు. ఆ బడిలో గార్డు ఒక కులంవాడైతే, టీచరు మరో కులంవాడైతే, వారి చేతుల్లో తుపాకీ ఉంటే, ఊళ్ళో పుట్టిన మంట బడికి ఎంత వేగంగా పాకుతుందో ఆలోచించాలి.

టీచరుకు పిస్టల్ ఇవ్వాలనేవారు మరో చరిత్రను కూడా మరచిపోతున్నారు. మన బడిలో తొలి ఆయుధం బెత్తం. దాన్ని టీచరు చేతినుంచి తీసివేయడానికి 2009 విద్యాహక్కు చట్టం దాకా ఆగవలసివచ్చింది. ఆ చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక హింసనూ నిషేధించినా అమలు అంతంతమాత్రమే. ఆ బెత్తం అందరి వీపుల మీదా ఒకే బరువుతో పడలేదు. 2022 ఆగస్టులో రాజస్థాన్‌లోని జాలోర్ జిల్లాలో టీచరు కొట్టిన దెబ్బలకు తొమ్మిదేళ్ళ దళిత బాలుడు చనిపోయాడు. పై కులాలవారి కుండలో నీళ్ళు తాగినందుకే కొట్టాడని ఆ కుటుంబం ఆరోపించింది. వట్టి చేయి ఇంత పని చేయగలిగిన చోట పిస్టల్ ఏం చేస్తుందో వేరే చెప్పాలా?

విశ్వవిద్యాలయాలకు వస్తే, గేటు భద్రత ఎవరి మీద పనిచేస్తుందో రోహిత్ వేముల ఉదంతం చూపింది. హాస్టల్ నుంచి వెలివేతకు గురై 2016 జనవరి 17న ఆయన ప్రాణం తీసుకున్న తర్వాత, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గేట్లు బయటివారికి మూసుకున్నాయి. మార్చి 22న క్యాంపస్‌లో లాఠీచార్జి జరిగింది. విద్యార్థులతోపాటు అధ్యాపకులూ అరెస్టయ్యారు. వివక్ష మీద ఫిర్యాదు చేసినవారే భద్రతకు ముప్పుగా మారిపోయారు. భద్రత అన్న మాటను పాలకులు ఎంత తేలికగా తిప్పుకుంటారో ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

నేను పుట్టి పెరిగిన కళింగపట్నం వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్నది. ఒకప్పటి రేవు, ఇప్పటికీ దీపస్తంభం. తీరరక్షణ పథకం కింద ఇక్కడ మెరైన్ పోలీస్ స్టేషన్ కూడా పెట్టారు. సముద్రం మీదినుంచి వచ్చే శత్రువును గమనించడానికి సాయుధ సిబ్బంది ఉన్నారు. కాని ఈ తీరం పల్లెల్లో వాడబలిజ, జాలరి కుటుంబాల భద్రత ఎక్కడ దెబ్బతింటున్నది? ఇక్కడ వేట చాలక మగవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోతున్నారు. 2018 నవంబరులో అక్కడినుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి ఇంటికి రాలేదు. ఆ పద్నాలుగు నెలలు ఆ ఇళ్ళల్లో పిల్లల చదువులు ఎలా సాగి ఉంటాయి? 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం సమీపంలోనే తీరం దాటింది. తుపాను రోజున ఈ ఊళ్ళకు బడే ఆశ్రయం. గట్టి కప్పు, ఎత్తైన పునాది, పనిచేసే కుళాయి ఉన్న బడి ఇక్కడి పిల్లలకు ఇవ్వగల అసలైన భద్రత.

తుపాకీ వాదం వెనుక మరో ఆర్థిక లెక్క ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బీసీ, దళిత కుటుంబాల కుర్రాళ్ళకు సైన్యం పెద్ద ఆశ. తెల్లవారుజామున రోడ్ల వెంట పరుగులు తీసేవారిని చూస్తే అర్థమవుతుంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ ఆ ఆశను నాలుగేళ్ళకు కుదించింది. నలుగురిలో ముగ్గురు వెనక్కి రావలసిందే. తుపాకీ శిక్షణ ఉండి, పింఛను లేని వేలాది యువకులు త్వరలో పల్లెలకు తిరిగివస్తారు. వారిని తక్కువ జీతానికి సాయుధ గార్డులుగా తీసుకోవడానికి సెక్యూరిటీ ఏజెన్సీలు సిద్ధంగా ఉంటాయి. మరోవైపు విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాల 1962 నుంచి అధికారులను తయారుచేస్తున్నది. ఆ తలుపు మన పిల్లలకు ఇంకా విశాలంగా తెరుచుకోవాలి. ఆయుధాన్ని ఆదేశించే స్థానానికి ఎవరు చేరుతున్నారు, ఆయుధం మోస్తూ గేటు దగ్గర ఎవరు మిగులుతున్నారు అన్నదే అసలు ప్రశ్న. బహుజన రాజకీయాలు అడగవలసినది మొదటి దానిలో వాటా.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. బడి ఆవరణలో పోలీసు, గార్డు, టీచరు ఎవరి చేతిలోనూ తుపాకీ ఉండకూడదని రాష్ట్ర ప్రభుత్వం నిబంధన చేయాలి. రాత్రి కాపలాదారు, ఆయా పోస్టులను వేర్వేరుగా, కనీస వేతనంతో, శాశ్వత ఉద్యోగాలుగా ప్రకటించాలి. కులాన్ని బట్టి, పెళ్ళిని బట్టి ఆ పనులు అంటగట్టకూడదు. బాలికల హాస్టళ్ళకు ప్రహరీ, దీపాలు, రాత్రిపూట మహిళా వార్డెన్ తప్పనిసరి కావాలి. ప్రతి గురుకులంలో నర్సు ఉండాలి, తాగునీటి పరీక్ష ఫలితం నోటీసు బోర్డు మీద ఉండాలి. కులవివక్ష మీద, లైంగిక వేధింపుల మీద పిల్లలు భయం లేకుండా ఫిర్యాదు చేసే ఏర్పాటు ప్రతి బడిలో ఉండాలి. ఆ కమిటీలో దళిత, ఆదివాసీ తల్లులకు చోటుండాలి. 1995 నిబంధనల ప్రకారం అత్యాచారాల పీడిత ప్రాంతాల్లో ఆధిపత్య కులాల ఆయుధ లైసెన్సులను ఎన్నిసార్లు సమీక్షించారో ప్రతి జిల్లా కలెక్టరు ప్రజలకు చెప్పాలి.

వీటిలో ఏదీ తుపాకీ అంత ఆకర్షణగా కనబడదు. ఒక్క గార్డును నిలబెట్టి ఫోటో దిగితే భద్రత కల్పించామని చెప్పుకోవచ్చు. వంద హాస్టళ్ళకు మంచినీళ్ళు ఇచ్చినా ఫోటోలో కనబడదు. అందుకే పాలకులకు తుపాకీ తేలిక. మనకు మాత్రం కాదు. బడి గేటు దాటి లోపలికి వచ్చే హక్కు కోసం తరతరాలు పోరాడిన కులాల పిల్లలం మనం. సాయుధ కావలి కావాలని మీ ఊరి బడి సమావేశంలో ఎవరైనా అన్నప్పుడు, ఆ తుపాకీ ఎవరు మోయాలి, ఎవరి జీతానికి మోయాలి, ఎవరి వైపు తిరుగుతుంది అని లేచి అడగండి. జవాబు చెప్పవలసిన బాధ్యత వారిది.